బీటెక్ ఉన్న నన్ను కాదని డిప్లొమా అబ్బాయిని ఎందుకు తీసుకున్నారు?

తమ్ముడూ, మీ ప్రశ్న చాలా పొడవుగా ఉంది కాబట్టి, చదివే మిగతావాళ్ల కోసం ముందు దాన్ని కుదించి చెబుతాను. మీది నగరి. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, బీటెక్ రెండో ఏడాదిలో చేరారు. 62 శాతం వచ్చింది. మధ్యలో రెండు సబ్జెక్టులు తప్పి మళ్లీ రాసి పాసయ్యారు. తర్వాత రెండేళ్లు తిరుపతిలో గది తీసుకుని గ్రూప్-2కు చదివారు. ఇప్పుడు శ్రీసిటీలో ఒక విడిభాగాల ఫ్యాక్టరీకి క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం కోసం వెళితే, ఉత్త డిప్లొమా ఉన్న, మీకంటే చిన్నవాడైన అబ్బాయిని తీసుకున్నారు. "నాకూ డిప్లొమా ఉంది, దాని పైన బీటెక్ కూడా ఉంది. అసలు అర్హతలను ఎలా తూస్తారక్కా? ఈసారి బీటెక్ దాచి డిప్లొమా ఒక్కటే చూపించనా? లేకపోతే ఎంటెక్ చేరిపోనా?" అని మీరు అడిగారు.

పంతొమ్మిదేళ్లుగా నాది మనుషులను ఉద్యోగాల్లోకి తీసుకునే పనే. మొదట చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, తర్వాత రేణిగుంటలో, ఇప్పుడు శ్రీసిటీలో. మీరు వెళ్లిన కంపెనీ నాది కాదు. అక్కడ ఆ రోజు ఏం జరిగిందో నేను చూడలేదు. అయినా ఆ బల్లకు ఇవతలి వైపు కూర్చున్నవాళ్ల మనసులో ఏం తిరుగుతుందో నాకు బాగా తెలుసు.

ఒక పళ్లెంలో మీ పట్టా, రెండో పళ్లెంలో ఆ అబ్బాయి డిప్లొమా పెట్టి, ఏది కిందికి దిగితే వాళ్లను తీసుకుంటామని మీరు అనుకుంటున్నారు. నా ముందు అలాంటి త్రాసు ఎప్పుడూ లేదు. నా ముందు ఉండేది ఒక ఖాళీ కుర్చీ, ఆ ఖాళీ వల్ల రోజూ పైవాళ్లతో మాట పడుతున్న ఒక షిఫ్టు ఇన్‌చార్జి. ఈ మనిషి ఆ పని చేయగలడా? చేయగలిగితే ఎన్నాళ్లు ఉంటాడు? నేను ఆలోచించేది ఈ రెండే. మీ బీటెక్ మొదటి ప్రశ్నకు కొంచెం సాయపడి, రెండో ప్రశ్న దగ్గర మీకే అడ్డుపడింది.

రేణిగుంటలో ఉన్న రోజుల్లో ఇలాంటి ఇన్‌స్పెక్టర్ పోస్టుకే ఒక ఎంటెక్ అబ్బాయిని తీసుకున్నాను. మంచి మార్కులు, మర్యాదైన మాట. ఇంత చదివినవాడు దొరికాడని నేనే మురిసిపోయాను. పదకొండో రోజున రాత్రి షిఫ్టుకు రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. నాలుగు రోజుల తర్వాత వాళ్ల నాన్నగారు ఫోనులో చెప్పారు, ఏదో ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేరాడట. అతని తప్పేమీ లేదు. అతను చదివిన చదువుకు తగిన చోటికి అతను వెళ్లాడు. మా షిఫ్టు ఇన్‌చార్జి మాత్రం హాజరు పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఎర్ర సిరా గీతను వేలితో చూపించి, ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏడాది పాటు డిప్లొమా పోస్టుకు బీటెక్ దరఖాస్తు వస్తే పక్కన పెట్టేశాను. పాము కరిచినవాడు తాడును చూసినా ఉలిక్కిపడతాడు. ఆ ఏడాదిలో నేను పక్కన పెట్టినవాళ్లలో నిజంగా నిలబడి పని చేసేవాళ్లు ఎందరున్నారో నాకు ఎప్పటికీ తెలియదు. మిమ్మల్ని కాదన్నవాళ్లకూ ఇలాంటి ఎర్ర గీత ఒకటి ఉండే ఉంటుంది.

ఇక కాగితాల సంగతి. పోస్టు ఖాళీ అయితే ఆ విభాగాధిపతి మాకు ఇండెంట్, అంటే ఎలాంటి మనిషి కావాలో రాసిన కాగితం, పంపిస్తారు. డిప్లొమా మెకానికల్, ఒకటి నుంచి మూడేళ్ల అనుభవం, మూడు షిఫ్టులు, అంతే. అందులో సగం పాత ఇండెంట్ నుంచి దించినదే. మేము ప్రకటన వేస్తే మూడు వందల దరఖాస్తులు వస్తాయి. మూడు వందల మందినీ పిలవలేం కదా, అందుకే జల్లెడ పడతాం. పదో తరగతి నుంచి అన్నిటా 60 శాతం అన్నది అలాంటి జల్లెడే. 59 వచ్చినవాడికి పని రాదని దానికి అర్థం కాదు, మా దగ్గర సాయంత్రానికి అంత తీరిక లేదని అర్థం. మీకు 62 ఉంది కాబట్టి ఆ రంధ్రంలోంచి దాటారు. దాటిన తర్వాత ఆ 62ను ఎవరూ మళ్లీ చూడరు. మీరు అంత బాధపడుతున్న ఆ రెండు సబ్జెక్టుల సంగతి కూడా అంతే. కాలేజీకి వచ్చి ఎంపిక చేసే కంపెనీలు అడుగుతాయి. పాసై ఏళ్లు గడిచాక ఫ్యాక్టరీ గేటు దగ్గర దాన్ని తవ్వేవాళ్లను నేను చూడలేదు.

కాగితం నిజంగా కాగితంగానే బరువు తూగే చోట్లు కూడా ఉన్నాయి. గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి సీజన్ మొదలయ్యే ముందు నాకు నిద్ర పట్టేది కాదు. కారణం బాయిలర్. గుజ్జును వేడి చేసి క్రిములు చంపాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ కావాలి. మన దేశంలో 1923 నుంచీ బాయిలర్లకు ప్రత్యేక చట్టం ఉంది. పరీక్ష పాసైన బాయిలర్ అటెండెంట్ లేకుండా దాన్ని నడపకూడదు. ఇరవై ఏళ్లు బాయిలర్ పక్కనే బతికిన హెల్పర్ ఒకాయన మా దగ్గర ఉండేవాడు, మంట శబ్దం విని ఏం తేడా వచ్చిందో చెప్పగలడు. అయినా సర్టిఫికెట్ లేదు కాబట్టి ఆయన హెల్పరే. సర్టిఫికెట్ ఉన్నవాడి కోసం నేను రెట్టింపు జీతానికి ఊరూరా ఫోన్లు చేసేదాన్ని. వైర్‌మన్ పర్మిట్ కథా ఇంతే. చట్టం అడిగే కాగితం విషయంలో మాకు ఎటూ మినహాయించే అధికారం లేదు. మీ ఇన్‌స్పెక్టర్ పోస్టు ఆ కోవలోది కాదు. అందుకే అక్కడ మీ పట్టాను ఎటు కావాలంటే అటు తిప్పి చూసే వీలు వాళ్లకు ఉంది.

ప్రభుత్వ ఉద్యోగానికి రెండేళ్లు చదివారు కాబట్టి మీకు ఇంకో తేడా తెలిసే ఉంటుంది. అక్కడ నోటిఫికేషన్‌లో ఉన్న అక్షరమే అర్హత. మా దగ్గర ఆ అక్షరం సాగుతుంది, ఒక్కోసారి మీ వైపు, ఒక్కోసారి మీకు ఎదురుగా. బీటెక్ దాచడం గురించి అడిగారు కాబట్టి ఒక కేసు చెబుతాను. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు ప్యూన్ పోస్టుకు ప్రకటన ఇస్తూ, పన్నెండో తరగతి పాసై ఉండాలి, డిగ్రీ మాత్రం ఉండకూడదు అని రాసింది. డిగ్రీ ఉన్న ఒకాయన ఆ సంగతి చెప్పకుండా దరఖాస్తు పెట్టి ఎంపికయ్యాడు. సంగతి బయటపడ్డాక బ్యాంకు చేర్చుకోలేదు. ఒడిశా హైకోర్టు ఆయన వైపు మొగ్గినా, 2020 నవంబరులో సుప్రీంకోర్టు బ్యాంకు చేసిందే సరి అంది. ఎక్కువ చదువు ఉండటం కంటే, దాన్ని దాచడమే ఆయనకు పెద్ద దెబ్బ అయింది.

ప్రైవేటులో కోర్టు దాకా పోదు, ఒక ఈమెయిలుతో ముగిసిపోతుంది. మీ పీఎఫ్ (భవిష్య నిధి) ఖాతాలన్నిటికీ కలిపి ఉండే యూఏఎన్ నంబరు ఒక్కటి చాలు, మీరు ఎక్కడ ఎన్ని నెలలు చేశారో వరుసగా కనిపిస్తుంది. చదువు విషయంలో అంత తేలిక కాదు గానీ, తిరుపతి చుట్టుపక్కల మీ బ్యాచ్‌వాళ్లు లేని ఫ్యాక్టరీ ఉందా? క్యాంటీన్‌లో ఎవరో ఒకరు "నువ్విక్కడ ట్రైనీవా, మనం బీటెక్ కలిసే చదివాం కదా" అంటారు. దాచకండి.

ఇప్పుడు మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఒకటుంది. మొదటి ప్రశ్న, పని చేయగలడా అన్నది మేము ఎలా చూస్తామో.

నా బల్ల సొరుగులో ఒక పాత వెర్నియర్ క్యాలిపర్ ఉంది, వస్తువును రెండు దవడల మధ్య పట్టి కొలిచే పనిముట్టు. ఎవరో కింద పడేసి దాన్ని పాడు చేశారు. స్టోర్స్‌వాళ్లు పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. నేను ఇంజనీరును కాను, ఎంబీఏ చదివినదాన్ని. ఈ ఉపాయం చెప్పింది మా క్వాలిటీ హెడ్. దవడలు రెండూ పూర్తిగా మూసినా సున్నా చూపించాల్సిన చోట అది 0.04 మిల్లీమీటర్లు చూపిస్తుంది. దానితో పాటు ఒక ఇనుప బుష్ (చిన్న గొట్టం లాంటి ముక్క), దాని డ్రాయింగ్ బల్ల మీద పెడతాం. బయటి వ్యాసం 25.00, అటూ ఇటూ 0.05 దాకా ఫరవాలేదు అని డ్రాయింగ్‌లో ఉంటుంది. కొలిచి, ఈ ముక్కను పంపవచ్చో లేదో చెప్పమంటాం.

ఒకసారి 81 శాతం ఉన్న బీటెక్ అబ్బాయి వచ్చాడు. క్యాలిపర్ తీసుకున్నాడు, చకచకా కొలిచాడు, 25.08 అని రాసి, పరిమితి దాటింది కాబట్టి తిరస్కరించాలి అన్నాడు. సున్నా దోషం అంటే ఏమిటని మా క్వాలిటీ హెడ్ అడిగితే పుస్తకంలో ఉన్నట్టే చెప్పాడు. ధన దోషం, రుణ దోషం, దేన్ని తీసివేయాలి, దేన్ని కలపాలి, ఒక్క అక్షరం తప్పు లేదు. చేతిలో క్యాలిపర్ ఉండగానే చెప్పాడు. అయినా దవడలు మూసి చూడాలని మాత్రం తట్టలేదు.

అదే రోజు మధ్యాహ్నం శ్రీకాళహస్తి నుంచి ఒక డిప్లొమా అమ్మాయి వచ్చింది. మార్కులు సాధారణం, ఇంగ్లిషు అంతంత మాత్రం. క్యాలిపర్ చేతికివ్వగానే దవడలను చున్నీ అంచుతో తుడిచింది. మూసి, కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, దవడల మధ్య వెలుతురు వస్తోందేమో చూసింది. "మేడం, ఇది ముందే 0.04 ఎక్కువ చూపిస్తోంది" అంది. తర్వాత బుష్‌ను మూడు చోట్ల తిప్పి కొలిచింది. 25.08 లోంచి 0.04 తీసేసి, 25.04, పంపవచ్చు అని రాసింది. అక్కడితో ఆగలేదు. క్యాలిపర్‌ను వెనక్కి తిప్పి, అది సరిగ్గా కొలుస్తోందని పరీక్షించాక అంటించే స్టిక్కర్ కోసం చూసి, "దీని మీద కాలిబ్రేషన్ స్టిక్కర్ లేదు, దీనితో కొలిచింది అసలు లెక్కలోకి రాదేమో మేడం" అంది. మా క్వాలిటీ హెడ్ నావైపు చూసి నవ్వు ఆపుకున్నాడు. ఆ అమ్మాయి ఇప్పుడు మా దగ్గర లైన్ లీడర్.

ఆ అబ్బాయి చదువు వృథా అని నేను అనడం లేదు. డిజైన్ విభాగానికి వచ్చి ఉంటే బహుశా అతనే గెలిచేవాడు. మా పోస్టుకు మాత్రం అతను ఒక రోజులో ఎన్ని మంచి ముక్కలను చెత్తలో వేయిస్తాడోనని భయమేసింది.

పని చేయించి చూడటం ఇంత తేటగా చెబుతుంటే అందరూ అలాగే ఎందుకు చేయరని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 85 ఏళ్ల పరిశోధనలను కలిపి లెక్కగట్టారు. ఎంపికలో చూసే ఒక్కో అంశానికీ, ఆ మనిషి తర్వాత చేసే పనికీ ఎంత పొంతన ఉందో సున్నా నుంచి ఒకటి వరకు అంకెలు ఇచ్చారు. చదివిన సంవత్సరాలకు వచ్చింది 0.10. అనుభవం సంవత్సరాలకు 0.18. పని చేయించి చూసే పరీక్షకు 0.54. 2022లో పాల్ సాకెట్ బృందం ఈ లెక్కల పద్ధతిని సరిచేసి చాలా అంకెలను తగ్గించింది. వాళ్ల పట్టికలో అన్నిటికంటే పైన నిలిచింది, అందరినీ ముందే రాసుకున్న ఒకే రకం ప్రశ్నలతో అడిగే ఇంటర్వ్యూ, 0.42. అంటే మేము జల్లెడలో మొట్టమొదట చూసేవి చాలా బలహీనమైనవి. బలమైనవాటిని మిగిలిన పది పదిహేను మందికే వాడతాం. ఇది తెలివితక్కువ పనే. కానీ కాగితం చూడటానికి అర నిమిషం చాలు, క్యాలిపర్ ఇచ్చి కూర్చోబెట్టాలంటే ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు కావాలి. పైగా మా క్వాలిటీ హెడ్ లైన్ వదిలి రావాలి. చాలా కంపెనీల్లో ఆ ఇరవై నిమిషాలు ఎవరూ ఇవ్వరు. "మీ గురించి చెప్పండి" అంటారు, మీరు చెబుతారు, అయిపోతుంది.

రెండేళ్ల ఖాళీ గురించి మీరు మరీ మథనపడుతున్నారు. తిరుపతిలో ఏ వీధిలో చూసినా పోటీ పరీక్షలకు చదివేవాళ్ల గదులే. ఇక్కడ ఉద్యోగులను తీసుకునే ఎవరికీ అది వింత కాదు. మాకు కావాల్సింది ఒక్క జవాబే: రేపు నోటిఫికేషన్ పడితే వెళ్లిపోతారా? మీరు రెజ్యూమెలో ఆ రెండేళ్లకు "స్వయం ఉపాధి" అని రాశానన్నారు. తీసేయండి. ఇంటర్వ్యూలో దాని గురించి ఇంకొక్క ప్రశ్న అడిగితే చాలు, అది ఊడిపోతుంది. గ్రూప్-2కు చదివాను, ప్రిలిమ్స్ దాటలేదు, ఆపేశాను అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇంకా ఆపకపోతే ఆపలేదనే చెప్పండి. కొందరు కాదంటారు. నేనైతే అలాంటివాళ్లను తీసుకున్నాను, వాళ్లలో ఎక్కువమంది ఇంకా ఉన్నారు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పుస్తకం తెరవడం ఎంత కష్టమో రెండు నెలల్లో వాళ్లకే తెలిసింది, పాపం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ పొడవాటి ప్రశ్నలో చివర ఎక్కడో, ఇంటి మీద ఇంకెన్నాళ్లు ఆధారపడాలి అని బాధపడుతూ ఒక వాక్యం రాశారు. నాన్నకు నాలుగు మరమగ్గాలు ఉన్నాయని, ఏడో తరగతి నుంచి సెలవుల్లో వాటి మరమ్మతులు మీరే చూసేవారని. నేను దాన్ని రెండుసార్లు చదివాను. మీరు పంపిన రెజ్యూమెలో అది ఎక్కడా లేదు! దానికి బదులు నాలుగు రోజుల వెబినార్ సర్టిఫికెట్లు ఆరు ఉన్నాయి, మీ హాబీ క్రికెట్ అని ఉంది. నడుస్తున్న మగ్గం చప్పుడులో తేడా పట్టుకుని, ఏ భాగం సడలిందో వెతికి, ఆర్డరు ఆగిపోకుండా రాత్రికి రాత్రి సరిచేసిన మనిషి షిఫ్టులకు భయపడడని, యంత్రం ముందు నిలబడితే చేతులు కట్టుకుని ఉండడని నాకు తెలుస్తుంది. "మూడేళ్ల అనుభవం" అని రాసినవాళ్లలో సగం మందిలో నాకు ఇది కనిపించదు. ఇంటి పని కదా, ఉద్యోగం కాదు కదా అని మీరు వదిలేశారు. మేమేమో మీ ఇంటికి వచ్చి చూడలేం. పై నుంచి మూడో వరుసలో రాయండి: నాలుగు మరమగ్గాల నిర్వహణ, ఎన్నేళ్లు, ఏ ఏ మరమ్మతులు సొంతంగా చేశారు, ఏది బయట చేయించారు. చివరిది కూడా రాయండి, అది రాస్తేనే మిగతావి నమ్ముతాం.

ఇంకొకటి, నగరివాళ్లు కాబట్టి మీకు తమిళం వచ్చే ఉంటుంది. అదీ రాయలేదు. శ్రీసిటీ ఫ్యాక్టరీలకు సరుకు పంపే చిన్న యూనిట్లు ఎన్నో చెన్నై చుట్టుపక్కలే ఉన్నాయి. లోపం ఉన్న సరుకు వస్తే అవతలి సూపర్‌వైజర్‌తో వాళ్ల భాషలో మాట్లాడగలిగే మనిషి కావాలి. ఈ పనికి కంపెనీలు సప్లయర్ క్వాలిటీ అని పేరు పెట్టి, మామూలుగా బీటెక్ ఉన్నవాళ్లనే తీసుకుంటాయి. మీ డిగ్రీ అడ్డుపడని పోస్టు ఇది. ఇన్‌స్పెక్టర్ పోస్టులతో పాటు వీటికీ పెట్టండి. ఇన్‌స్పెక్టర్ పోస్టుకే పెడితే, బీటెక్ ఉండి కూడా ఇది ఎందుకు కావాలో వాళ్లు అడగకముందే రెండు వాక్యాల్లో చెప్పండి. నాన్న మగ్గాలు నగరిలో ఉన్నాయి, చెన్నై బెంగళూరు వెళ్లే ఉద్దేశం లేదు, కంపెనీ బస్సు మా దారిలో వస్తుంది అన్నారనుకోండి, నా భయం సగం పోతుంది. నిజమైతేనే చెప్పండి.

ఎంటెక్ వద్దు. కాలేజీలో పాఠం చెప్పాలనుకుంటే వేరే సంగతి, అక్కడ బీటెక్, ఎంటెక్ రెండూ ఉండి ఒకదానిలోనైనా ఫస్ట్ క్లాస్ రావాలి. ఈ ఉద్యోగాల కోసమే అయితే మీరు పోగొట్టుకున్న ఆ పోస్టుకు ఇంకో రెండేళ్ల దూరం వెళ్తారు. సర్టిఫికెట్ కావాలనే ఉంటే, మీరు వెళ్లాలనుకునే ఫ్యాక్టరీలో వెల్డింగ్ పని ఉందో లేదో కనుక్కోండి. ఉంటే నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్, అంటే ముక్కను పాడు చేయకుండా లోపాలు పట్టుకునే పరీక్షల్లో, లెవెల్-2 చేయండి. అది కస్టమర్లే అడిగే కాగితం, అందుకే మేమూ అడుగుతాం. మీ దగ్గరున్న ఆ ఆరు వెబినార్లను ఎవరూ అడగరు.

మిమ్మల్ని ఎందుకు తీసుకోలేదో ఆ కంపెనీవాళ్లను అడగవచ్చా అన్నారు. అడగవచ్చు. చాలామంది జవాబివ్వరు, కొందరు ఇస్తారు. సోమవారం వద్దు, వారాంతంలో మానేసినవాళ్ల లెక్కలతో సతమతమవుతుంటాం. రెండు గంటల సమయంలో షిఫ్టు మారుతుంది, అప్పుడూ వద్దు. మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం మూడున్నర తర్వాత ఫోను చేయండి. "నన్నెందుకు కాదన్నారు" అనకుండా, "ఈ పోస్టుకు నాలో ఏది తక్కువైందో చెబితే సరిచేసుకుంటాను మేడం" అనండి. ఆ అబ్బాయి పేరు మాత్రం ఎత్తకండి.